ఉప్పుగాలిలో ప్లాస్టిక్ గొట్టాలు: కాశిమేడు రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఉష్ణ వినిమాయకం మార్పు

చెన్నైలో కాశిమేడు చేపల రేవుకు కిలోమీటరు లోపే, నెల్లూరు ప్రాంతం నుంచి వచ్చి రెండు తరాలుగా రొయ్యల వ్యాపారం చేస్తున్న ఒక కుటుంబానికి చిన్న కోల్డ్ స్టోరేజీ ఉంది. అందులో మైనస్ 20 డిగ్రీల వద్ద ఉండే నిల్వ గది ఒకటి, 2 డిగ్రీల వద్ద ఉండే చల్లగది ఒకటి ఉన్నాయి. గూడూరు, ముత్తుకూరు చెరువుల నుంచి రాత్రి బయలుదేరే వెనామీ రొయ్యల లారీలు తెల్లవారేసరికి ఇక్కడికి చేరతాయి. వేసవి పగటి వేళ రెండు గదులకూ కలిపి సుమారు 50 కిలోవాట్ల శీతలీకరణ కావాలి. దానిని ఆర్-404ఏ అనే శీతలీకరణ గ్యాస్‌తో నడిచే సెమీ హెర్మెటిక్ కంప్రెసర్లు అందిస్తున్నాయి. వాటి వేడిని బయటికి వదిలే పని మేడ మీది గాలి కండెన్సర్లది. అవి రాగి గొట్టాలకు అల్యూమినియం ఫిన్నులు (వేడిని గాలికి వదిలే పలచని రేకులు) తొడిగిన మామూలు కాయిళ్ళు. 2022 మే నెలలో శీతలీకరణ ఇంజినీరునైన నన్ను పిలిచింది ఈ కాయిళ్ళ కోసమే.

మేడెక్కి వేలితో తాకగానే ఫిన్నులు బూడిదలా రాలాయి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పుతేమ రాగి, అల్యూమినియం కలిసే చోట చిన్న బ్యాటరీని తయారు చేస్తుంది, ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే. ఫిన్ను గొట్టాన్ని పట్టుకునే కాలరు దగ్గరే ఈ తినివేత మొదలవుతుంది కనుక, ఫిన్నులు దూరానికి నిలబడి కనిపిస్తున్నా గొట్టంలోని వేడి వాటిలోకి చేరదు. 2019 చివర్లో ఈ కాయిళ్ళు కొత్తగా పెట్టినప్పుడు బయట 38 డిగ్రీలుంటే గ్యాస్ 48 డిగ్రీల వద్ద ద్రవమయ్యేదని వారి లాగ్ పుస్తకం చెబుతోంది. అదే 38 డిగ్రీల ఎండలో నేను కొలిచినప్పుడు 55, 56 డిగ్రీలు వచ్చింది. గ్యాస్ ద్రవమయ్యే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ వాడే విద్యుత్తు 2 నుంచి 3 శాతం పెరుగుతుందన్నది మా వృత్తిలో అందరూ వాడే లెక్క. ఆర్-404ఏ విషయంలో ఇది మరింత కఠినంగా ఉంటుంది. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత (ఆపైన ఎంత పీడనం పెట్టినా గ్యాస్ ద్రవం కాని హద్దు) 72 డిగ్రీలే కాబట్టి, దానికి దగ్గరవుతున్న కొద్దీ ప్రతి కిలో గ్యాస్ ఇచ్చే చల్లదనం వేగంగా పడిపోతుంది. కంప్రెసర్ ఎక్కువ విద్యుత్తు తాగుతూ తక్కువ పని చేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ గంటలు తిరుగుతుంది.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే హై ప్రెషర్ ట్రిప్ (గ్యాస్ పీడనం హద్దు దాటి కంప్రెసర్ దానంతటదే ఆగిపోవడం) తప్పేది కాదు. అప్పుడు అక్కడి మెకానిక్ బోరు నీళ్ళ పైపు తీసుకుని కాయిల్ మీద పట్టేవాడు. నా కళ్ళముందే రెండు నిమిషాల్లో ప్రెషర్ గేజి ముల్లు కిందికి దిగింది. ఆ బోరు నీటిలో లీటరుకు సుమారు 3,000 మిల్లీగ్రాముల లవణాలున్నాయి. ఉత్తర చెన్నై తీరంలో ఇది వింత కాదు. మీంజూరు వైపు భూగర్భ జలాల్లోకి సముద్రం చొచ్చుకు రావడం 1960ల చివరి నుంచే గమనిస్తున్న సంగతి. ప్రతి మధ్యాహ్నం ఆ రోజు గండం గట్టెక్కించిన నీరే కాయిల్ ఆయుష్షును తగ్గిస్తూ వచ్చింది. ఆ పైపు పట్టుకున్న మెకానిక్ చేసింది తప్పని నేను అనలేదు. నీటితో చల్లార్చాలన్న అతని ఆలోచన సరైనదే, ఆ నీటిని భరించలేని లోహమే అక్కడ ఉండకూడనిది. ఈ కేసు మొత్తం ఆ ఒక్క గమనిక నుంచి నడిచింది.

ముందు తెలిసిన దారులన్నీ చూశాము. పూత పూసిన ఫిన్నుల కాయిల్ పెడితే మరో రెండు, మూడేళ్ళు వస్తుంది. పూత గీసుకుపోయిన చోట కథ మళ్ళీ మొదటికొస్తుంది. కూలింగ్ టవర్ (నీటిని గాలిలో చల్లి చల్లార్చే ఏర్పాటు) పెట్టి ఉప్పు బోరు నీటిని నేరుగా కండెన్సర్ గొట్టాల్లోకి పంపితే పొక్కు (లవణాలు గట్టిగా పేరుకునే పొర), తుప్పు రెండూ లోపలికే వస్తాయి. టైటానియం ప్లేట్లు అన్నిటికంటే మంచివి, కానీ ఆ ధర ఈ పరిమాణపు వ్యాపారానికి మోయలేనిది. మంచి నీటి లారీలు కొనుక్కుని టవర్ నడపడం గురించి యజమాని చెయ్యి అడ్డం పెట్టారు. 2019 వేసవిలో పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండినప్పుడు లారీ కోసం ఎదురుచూసిన రోజులు ఆయన మర్చిపోలేదు.

నేను ప్రతిపాదించిన అమరిక ఇది. గ్యాస్ ద్రవమయ్యే పని చిన్న బ్రేజ్డ్ ప్లేట్ కండెన్సర్‌లో (పలచని లోహపు పలకలను ఒకదాని మీద ఒకటి అతికినది) జరుగుతుంది. దాని రెండో వైపు ఆర్వో నీరు మూసిన వలయంలో తిరుగుతుంది. ఆ నీరు మేడ మీదికి వెళ్ళి వేలకొద్దీ సన్నని పాలిప్రొపిలీన్ గొట్టాల గుండా దిగుతుంది, ఆ గొట్టాల వెలుపల ఉప్పు బోరు నీరు చల్లుతూ ఫ్యానుతో గాలిని పైకి లాగుతాము. బోరు నీటిలో కొంత ఆవిరై మిగిలిన దాన్ని చల్లబరుస్తుంది. ఉప్పు నీరు తాకేది ప్లాస్టిక్‌నే, లోహాన్ని తాకేది శుభ్రమైన నీరే. ఆ రెంటి మధ్య గోడగా ప్లాస్టిక్ నిలబడుతుంది.

గ్యాస్‌నే నేరుగా ప్లాస్టిక్ గొట్టాల్లోకి పంపి ప్లేట్ కండెన్సర్ ఖర్చు తప్పించవచ్చు కదా అని కొందరు తోటి ఇంజినీర్లు అడిగారు. 42 డిగ్రీల వద్ద ఆర్-404ఏ పీడనం 18 బార్లు దాటుతుంది, కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ 80 డిగ్రీల పైన ఉంటుంది. అంత వేడిలో అంత పీడనాన్ని సన్నని పాలిప్రొపిలీన్ గోడ ఏళ్ళ తరబడి మోయలేదు. పైగా గ్యాస్ గోడ గుండా కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. ఒక కిలో ఆర్-404ఏ వాతావరణంలో కలిస్తే 3.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కాబట్టి ఆ ఊట చిన్నదని వదిలేయదగినది కాదు. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ ప్రకారం 2028 నుంచి మన దేశంలో ఆర్-404ఏ వంటి హెచ్‌ఎఫ్‌సీ గ్యాసులకు పరిమితి మొదలవుతుంది. ప్లేట్ కండెన్సర్‌లో గ్యాస్ పరిమాణం పాత కాయిల్‌తో పోలిస్తే చాలా తక్కువ కావడం అందుకే అదనపు లాభం.

గోడ లెక్క

యజమాని మొదట అడిగిన ప్రశ్న న్యాయమైనది. "ఇంజినీరు గారూ, రాగి వేడిని లాగుతుందనే కదా మీరు ఇన్నాళ్ళూ రాగి పెట్టింది? బకెట్లు చేసే ప్లాస్టిక్ ఎలా లాగుతుంది?"

రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి దాదాపు 400 వాట్లు. పాలిప్రొపిలీన్‌ది దాదాపు 0.2. రెండు వేల రెట్ల తేడా. ఈ ఒక్క అంకె చూసి ప్లాస్టిక్‌ను పక్కన పెట్టేవారు చాలామంది ఉన్నారు, నేనూ చాలాకాలం అలాగే పెట్టాను. అయితే వేడి దాటవలసినది గోడను మాత్రమే కాదు. లోపలి నీటి నుంచి గోడకు, గోడ గుండా, గోడ నుంచి వెలుపలి నీటి పొరకు, ఇలా మూడు అడ్డంకులు వరుసగా ఉంటాయి. గోడ అడ్డంకి దాని మందాన్ని వాహకతతో భాగిస్తే వచ్చేదే కనుక, వాహకత తక్కువైతే మందాన్ని తగ్గించి కొంత సర్దుకోవచ్చు. గొట్టం సన్నదైతే గోడ పలచగా ఉన్నా పీడనాన్ని తట్టుకుంటుంది. కాబట్టి ప్లాస్టిక్‌కు తగిన రూపం లావు గొట్టం కాదు, జుట్టుపాయలాంటి గొట్టాల గుత్తి.

మేము ఎంచుకున్న గొట్టం వెలుపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, గోడ మందం 0.4 మిల్లీమీటర్లు. వలయంలో పీడనం 3 బార్లు దాటదు, అప్పుడు గోడ మీద పడే ఒత్తిడి 1.4 మెగాపాస్కల్‌కు లోపే ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర పాలిప్రొపిలీన్‌కు ఇది తేలికైన భారం. గోడ ఒక్కటే చదరపు మీటరుకు, డిగ్రీకి 500 వాట్లను పోనిస్తుంది. సన్నని గొట్టంలో నీరు నెమ్మదిగా, పొరలుపొరలుగా పారుతుంది కాబట్టి లోపలి అడ్డంకి కూడా తక్కువేమీ కాదు. మూడూ కలిపితే వచ్చేది సుమారు 245 వాట్లు. మొత్తం అడ్డంకిలో గోడ వాటా సగానికి కొంచెం తక్కువ. ఇవే కొలతల్లో రాగి గొట్టాలు వాడితే గోడ అడ్డంకి దాదాపు మాయమై ఈ అంకె 475 అవుతుంది. రెండు వేల రెట్ల తేడా చివరికి రెండు రెట్ల తేడాగా మిగిలింది. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కలిగింది ఈ లెక్క దగ్గరే.

చెన్నై వేసవిలో వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (నీరు ఆవిరై చల్లబడగలిగే కనిష్ఠ హద్దు) 28 డిగ్రీల దగ్గర ఉంటుందని తీసుకున్నాము. వెలుపలి నీటి పొర 31, లోపలి నీరు 39 నుంచి 34 డిగ్రీలకు దిగాలి, వదలవలసిన వేడి 75 కిలోవాట్లు. దీనికి 60 చదరపు మీటర్ల వైశాల్యం కావాలి. మీటరున్నర పొడవు గొట్టాలు 3,200. కొసకు కొస కలిపితే 4.8 కిలోమీటర్లు. అంత గొట్టానికీ పట్టిన ప్లాస్టిక్ బరువు 20 కిలోల లోపు. రాగితో అయితే సగం పొడవు చాలినా లోహం 100 కిలోలు తూగేది. గొట్టాలన్నీ పక్కపక్కనే సమాంతరంగా ఉండటం వల్ల వాటిలో నీరు కోల్పోయే పీడనం అర కిలోపాస్కల్ కూడా లేదు; పంపు శ్రమంతా మేడకు వెళ్ళే పైపులకూ, ప్లేట్ కండెన్సర్‌కే.

ప్లాస్టిక్ ఉష్ణ వినిమాయకం కొత్త సరుకేమీ కాదు. డ్యుపాంట్ సంస్థ తీవ్రమైన ఆమ్లాల కోసం టెఫ్లాన్ గొట్టాల వినిమాయకాలను 1965లోనే మార్కెట్లోకి తెచ్చింది. తక్కువ ఉష్ణోగ్రతల పనులకు పాలిప్రొపిలీన్ వంటి మామూలు ప్లాస్టిక్‌ల సన్నని బోలు పోగులు చాలునని న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జర్కాడాస్, సిర్కార్ 2004లో ప్రచురించారు. శీతలీకరణ వాళ్ళం దీనివైపు ఆలస్యంగా చూశాము, అంతే.

గుత్తి కట్టడం

గొట్టాలు పోయించడం సులభంగానే జరిగింది. అంబత్తూరు పారిశ్రామిక వాడలో సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తీసే ఒక చిన్న కార్ఖానా ఎండకు తట్టుకునేలా నల్ల కార్బన్ కలిపి మా కొలతకు తీసిచ్చింది. కష్టమంతా 3,200 గొట్టాల కొసలను ఒక హెడర్‌లో (గొట్టాలన్నీ కలిసే నీటి పెట్టెలో) చుక్క కారకుండా బిగించడంలో ఉంది. మొదటి గుత్తికి కొసలను ఎపాక్సీలో పోతపోయించాను. అది నా నిర్ణయం, నా తప్పు. పాలిప్రొపిలీన్‌కు జిగురు అంటదన్నది పాఠ్యపుస్తకపు విషయమే. గొట్టాల కొసలను గరుకు చేసి మంటతో కాస్త కాల్చితే పట్టు దొరుకుతుందని నమ్మాను. కార్ఖానాలో 6 బార్ల పరీక్షలో ఆ గుత్తి నిలిచింది. వేడి నీరు, చల్ల నీరు మార్చిమార్చి పంపిన నాలుగో రోజున హెడర్ అంచు నుంచి చెమ్మ కనిపించింది, పదో రోజుకు ధారగా మారింది. ఎపాక్సీకీ, గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడింది. రెండూ వేడికి ఒకే తీరున సాగవు, మధ్యలో పట్టూ లేదు.

రెండో గుత్తిలో జిగురు మాటే లేకుండా చేశాము. కొసలను పాలిప్రొపిలీన్ పలకలోని రంధ్రాల్లో దూర్చి, వేడి పలకతో కరిగించి ఒకే ముద్దగా అతికాము. ఒక్కో వరుసకు చేతిపని, పదహారు రోజులు పట్టింది. అదే గుత్తి ఇప్పటికీ పనిచేస్తోంది.

సాగుదల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మీటరున్నర పాలిప్రొపిలీన్ గొట్టం 20 డిగ్రీల మార్పుకు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. రాగి అయితే అర మిల్లీమీటరు. పై హెడర్‌ను బిగించి, కింది హెడర్‌ను వేలాడనిచ్చి, రబ్బరు గొట్టంతో పైపుకు కలిపాము. ఆ చోటు చూసిన వెల్డర్ మేస్త్రీ అది బిగించడం మర్చిపోయామనుకుని క్లాంపు వేయబోయాడు. అప్పటి నుంచి దాని మీద తమిళంలో, తెలుగులో 'బిగించరాదు' అని రాసి ఉంది.

తడవని గొట్టం

2023 ఫిబ్రవరిలో నడపడం మొదలుపెట్టగానే లెక్కకూ కొలతకూ పొత్తు కుదరలేదు. గుత్తి వదలవలసిన వేడిలో మూడింట రెండు వంతులే వదులుతోంది. పంపు, ఫ్యాను, స్ప్రే నాజిళ్ళు అన్నీ సరిగానే ఉన్నాయి. పక్క తలుపు తీసి టార్చి వేసి చూస్తే కారణం తెలిసింది. తామరాకు మీద నీరు నిలవనట్టే పాలిప్రొపిలీన్ మీద నీరు పొరగా పరుచుకోదు; గొట్టం వెంట సన్నని ధారలుగా జారిపోతోంది, ధారకూ ధారకూ మధ్య గొట్టం పొడిగా ఉంది. దీనికి తోడు తడిసిన సన్నని గొట్టాలు ఒకదానికొకటి అంటుకుని పిడికెడు పిడికెడు కట్టలయ్యాయి, కట్ట లోపలికి గాలి వెళ్ళడం లేదు. నేను లెక్కలో 60 చదరపు మీటర్లూ తడుస్తాయని రాసుకున్నాను. తడిసింది అందులో కొంతే.

రెండు పనులు చేశాము. గొట్టాల మధ్య 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నైలాన్ వల పట్టీలను అడ్డంగా అల్లి, గొట్టానికీ గొట్టానికీ ఎడం నిలబెట్టాము. ఈ పనికి వచ్చింది కాశిమేడులో వలలు బాగుచేసే ఇద్దరు మత్స్యకారులు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ చూపితే ఒకసారి చూసి, నేను గీసిన ముడి జారుతుందని చెప్పి, జారని ముడి వాళ్ళే వేశారు. ఆ వల పట్టీలు నీటిని పక్కలకు పంచే పని కూడా చేశాయి. రెండోది, స్ప్రే నీటి పరిమాణం పెంచాము. దీనికి పంపు కొంచెం ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది, అది తప్పలేదు. తర్వాత ఐదారు వారాల్లో గొట్టాల మీద పలచని లవణపు పొర, నాచు లాంటి జిగట ఏర్పడి ఉపరితలం తనంత తానే బాగా తడవడం మొదలైంది. లోహపు కాయిల్ మీద మనం శత్రువుగా చూసే పొక్కు ఇక్కడ సన్నగా ఉన్నంతవరకు మేలే చేసింది. ఏప్రిల్ చివరికి గుత్తి లెక్కలోని వేడికి చేరింది.

గోధుమ రంగు నీరు

ఈ పని తలపెట్టేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఇదే.

2023 జూలైలో వలయంలో ప్రవాహం క్రమంగా తగ్గుతోందని మెకానిక్ ఫోన్ చేశాడు. స్ట్రెయినర్ (నీటిలోని చెత్తను పట్టే జల్లెడ) విప్పితే కాఫీ డికాక్షన్ లాంటి నీరు, మెత్తని ఇనుప తుప్పు. మూసిన వలయంలో, ఆర్వో నీటిలో, ఐదు నెలల్లో ఇంత తుప్పు రాకూడదు. మామూలుగా మూసిన వలయంలో మొదట కరిగి ఉన్న ఆక్సిజన్ కొద్ది రోజుల్లో ఇనుముతో కలిసి అయిపోతుంది, ఆ తర్వాత తుప్పు ఆగిపోతుంది. ఎక్కడో గాలి పీలుస్తోందని పంపు సీళ్ళు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అన్నీ చూశాము. ఎక్కడా లీకు లేదు.

ఆక్సిజన్ వచ్చింది గొట్టాల గోడల గుండానే. పాలిప్రొపిలీన్ నీటిని ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపదు. ఇళ్ళను వెచ్చగా ఉంచడానికి గచ్చు కింద వేడి నీటి పైపులు వేసే దేశాల్లో ప్లాస్టిక్ పైపుల మీద ఆక్సిజన్ అడ్డుపొర ఉండాలని ప్రమాణాలు పెట్టింది ఇందుకే. మా గుత్తిలో గోడ పలచన, వైశాల్యం 60 చదరపు మీటర్లు, వెలుపల ఎప్పుడూ గాలితో నిండిన నీటి జల్లు. ఆక్సిజన్ ఊరడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. నేను గ్యాస్ బయటికి ఊరుతుందని భయపడి ప్లేట్ కండెన్సర్ పెట్టించాను గానీ, గాలి లోపలికి ఊరుతుందన్న సంగతి మీద మనసు పెట్టలేదు. వలయంలో పోత ఇనుప పంపు, మైల్డ్ స్టీల్ పైపులు పెట్టింది ఖర్చు తగ్గుతుందని. 3.2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టాలకు ఆ తుప్పు రేణువులు చేరి పేరుకుంటే గుత్తి మొత్తం పోయేది. స్ట్రెయినర్ ముందుగా పట్టుకోవడం అదృష్టం.

పంపును స్టెయిన్‌లెస్ స్టీల్ దానితో మార్చాము, పైపులన్నీ వేడితో అతికే పాలిప్రొపిలీన్ పైపులు వేశాము, ట్యాంకు కూడా ప్లాస్టిక్‌దే పెట్టాము. వలయాన్ని మూడుసార్లు కడిగి, నీటిలో తుప్పు నిరోధకం కలిపాము. ఆ తర్వాత స్ట్రెయినర్‌లో రంగు కనబడలేదు. ప్లాస్టిక్ వినిమాయకం పెట్టిన వలయంలో మామూలు ఇనుము ఉండకూడదన్నది ఇప్పుడు నా డ్రాయింగుల మొదటి పేజీలోనే రాస్తున్నాను.

కొలతలు

2022 మేలో పాత కాయిళ్ళతో, 2023 మేలో కొత్త అమరికతో, దగ్గరదగ్గర ఎండ ఉన్న రోజులను ఎంచి, గది ఉష్ణోగ్రతలు సరిపోల్చి కొలిచాము. కంప్రెసర్లు రెండూ నడిచేటప్పుడు వాటి విద్యుత్తు 34 కిలోవాట్ల నుంచి 25కు దిగింది. ఫ్యాన్లు, పంపులు కలిపి ముందు 2 కిలోవాట్లు, ఇప్పుడు 3.2. మొత్తం మీద 36 నుంచి 28.2, అంటే 22 శాతం తగ్గుదల. కంప్రెసర్లు నడిచే గంటలు కూడా తగ్గాయి కనుక రోజుకు దాదాపు 700 యూనిట్లు కాలేది 490కి వచ్చింది. గ్యాస్ 42 డిగ్రీల వద్ద ద్రవమవుతోంది. హై ప్రెషర్ ట్రిప్ ఆ వేసవిలో ఒక్కసారి కూడా రాలేదు.

రోజు యూనిట్లలో వచ్చిన ఈ 30 శాతం ఆదా చూపి ఇదంతా ప్లాస్టిక్ గొప్పతనమని చెప్పడం సులభం, కానీ అది నిజం కాదు. పాత కాయిల్ స్థానంలో అలాంటిదే కొత్త రాగి, అల్యూమినియం కాయిల్ పెట్టినా మొదటి ఏడాది 56 నుంచి 48 డిగ్రీలకు దిగేది; ఆదాలో సగానికి పైగా అక్కడే వచ్చేది. మిగిలినది గాలి బదులు ఆవిరయ్యే నీటితో చల్లబరచడం వల్ల వచ్చింది, దాన్ని టైటానియంతో చేసినా వచ్చేది. ప్లాస్టిక్ చేసిన పని, ఆ ఉప్పు నీటిని ఏళ్ళ తరబడి వాడుకోనివ్వడం. అందువల్ల దాన్ని మొదటి మే నెల కొలతతో తూచకూడదు, మూడో మే నెల కొలతతో తూచాలి. పాత కాయిల్ మూడో వేసవికి 48 నుంచి 56 డిగ్రీలకు జారింది. ఈ గుత్తి 2025 మేలో, అంటే మూడో వేసవిలో, 43 డిగ్రీల దగ్గర ఉంది. ఆ ఒక్క డిగ్రీ లవణపు పొర మందమెక్కడం వల్ల. పలచని సిట్రిక్ ఆమ్లంతో కడిగాక 42కు కొద్దిగా పైన నిలిచింది. గుత్తిని చేత్తో మెల్లగా కదిపితే పొక్కు పెచ్చులుగా రాలిపోతుంది. గొట్టం వంగుతుంది, పొక్కు వంగదు.

నీటి ఖర్చు గంటకు, పూర్తి భారం మీద, ఆవిరి రూపంలో 110 లీటర్లు. లవణాలు మూడింతలు చిక్కబడేదాకా తిప్పి, ఆపై కొంత వదిలేస్తాము కాబట్టి మరో 55 లీటర్లు పోతుంది. క్లోరైడు భయం లేదని ఇంకా చిక్కబరచవచ్చు గానీ కాల్షియం పొక్కు అక్కడ హద్దు గీస్తుంది. లారీ నీరు ఒక్క చుక్క వాడలేదు.

చల్లగదిలోని కాయిల్‌కు కూడా ప్లాస్టిక్ పెట్టమని యజమాని తర్వాత అడిగారు. అడగడానికి కారణముంది. రొయ్యల మీద నల్లమచ్చ రాకుండా వాడే సోడియం మెటాబైసల్ఫైట్ నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వెలువడి, తేమతో కలిసి, రాగిని తింటుంది. గాలి వైపు లెక్క ప్లాస్టిక్‌కు ఇంకా అనుకూలం. గాలికీ గోడకీ మధ్య అడ్డంకే అంత పెద్దది కనుక 0.4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోడ వాటా పదో వంతుకు మించదు. అయినా నేను వద్దన్నాను. గ్యాస్‌ను నేరుగా పంపలేము కాబట్టి మధ్యలో గ్లైకాల్ (చలికి గడ్డకట్టని ద్రవం) వలయం రావాలి, దానికోసం గ్యాస్‌ను మరో 5 డిగ్రీలు చల్లగా మరిగించాలి, ఆ 5 డిగ్రీలే మేడ మీద సంపాదించిన దాంట్లో పెద్ద భాగాన్ని తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలకు పూత ఫిన్నులున్న కాయిల్ పెట్టించాను.

మూడో ఏడు

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు కింది అంతస్తులో విద్యుత్ ప్యానెల్ తడిసి స్టోరేజీ మూతపడింది. మేడ మీద గుత్తికి ఏమీ కాలేదు. ఆ తుపాను కంటే దీనికి ఎక్కువ హాని చేసినవి పందికొక్కులు. 2024లో కేసింగ్ అడుగు జాలీ ఊడిన సందు నుంచి దూరి తొమ్మిది గొట్టాలు కొరికాయి. చేపల రేవు పక్కన ప్లాస్టిక్ పెట్టేవారు ఎలుకల జాలీని పంపుతో సమానమైన భాగంగా లెక్కించాలి; మేము ఇప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ జాలీని రివెట్లతో బిగించాము. ఉప్పును అంతగా తట్టుకోని 304 రకం బోల్టులు ఏడాదికే గోధుమ మచ్చలు పడ్డాయి, వాటినీ మార్చాము. ఫ్యాను మోటారు ఒకటి బేరింగు తుప్పు పట్టి పోయింది. గుత్తి చుట్టూ ఉన్న లోహం మాత్రం ఒక్కొక్కటిగా పోతూనే ఉంది.

2025 మే కొలతల తర్వాత గుత్తి నుంచి రెండు గొట్టాలు కోసి తీశాము. గోడ మందం 0.4 మిల్లీమీటర్లే ఉంది, ఎండ తగిలే పై కొసలో కూడా వంచితే చీలలేదు. పందికొక్కులు కొరికిన తొమ్మిదీ, మేము కోసిన రెండూ కలిపి పదకొండు గొట్టాల కొసలను కరిగించి మూసేశాము. 3,200లో పదకొండు పోతే తగ్గే సామర్థ్యం మా మీటర్లకు అందదు. కోసిన ముక్కల్లో ఒకటి యజమాని తన బల్ల మీద, పాత కాయిల్ నుంచి రాలిన ఫిన్నుల పొడి పోసి పెట్టుకున్న సీసా పక్కన ఉంచుకున్నారు. రెండోది నా దగ్గర ఉంది. 2028లో మరొకటి కోసి దానితో పోల్చాలి.